తెంపని దారం

నా కూతురు నా దుకాణం మెట్టెక్కి నాలుగేళ్ళయింది. ఇంటికి వస్తూనే ఉంటుంది, నాకు ఒంట్లో బాగాలేకపోతే పక్కనే కూర్చుంటుంది, ఆ విషయంలో వంక పెట్టలేను. దుకాణానికి మాత్రం రాదు. దానికి పురపాలక కార్యాలయంలో ఉద్యోగం, ఓ కుర్చీ, కుర్చీ ముందు పేరు రాసిన పలక. నా దుకాణం ముందు మావాళ్ళు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ చేరి, మా ఇళ్ళలో మాట్లాడుకునే మా మాటలో గట్టిగట్టిగా కబుర్లాడుకుంటూ ఉంటారు. వాళ్ళు దాన్ని వరస పెట్టి పిలిస్తే ఆఫీసువాళ్ళెవరైనా వింటారని దానికి బెంగ. అలాంటిది ఆ ఎండాకాలం మొదట్లో, మిట్టమధ్యాహ్నం చెమటలు కారుతుండగా వచ్చి, నా కుట్టుమిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"అమ్మా, నీకో పెద్ద పని తెచ్చాను. కాదనకూడదు."

"ముందు మంచినీళ్ళు తాగు."

"బడికి వందేళ్ళు నిండుతున్నాయి. పెద్ద సభ పెడుతున్నాం. వేదిక మీద కూర్చునే ఆరుగురూ మనవాళ్ళ కోట్లు వేసుకుంటే బాగుంటుందని నేనే చెప్పాను. మా అధ్యక్షుడు ఎగిరి గంతేశాడు."

'మనవాళ్ళ' అంది. ఆ మాట దాని నోట్లోంచి రావడం నేనెప్పుడూ వినలేదు. సంతోషం ఆపుకోలేక కత్తెర కోసం వెతుకుతున్నట్టు నటించాను.

"ఆ కోట్లు ఇప్పుడెవరు వేసుకుంటున్నారే? నేనే మానేసి ఎన్నాళ్ళో అయింది."

"అందుకేగా. కనుమరుగైపోతున్నాయి, కాపాడుకోవాలి అని ఫైల్లో రాశాను."

కాపాడుకోవాలట. నా కూతురు ఇంతవరకు ఒక్కసారి కూడా మా కోటు తొడుక్కోలేదు. "ఇంతకీ ఆ ఆరుగురూ ఎవరు?" అన్నాను.

"అధ్యక్షుడు, ఆయన భార్య, ఇద్దరు సభ్యులు, ఇప్పటి హెడ్మాస్టరు. ఆరో ఆయనకే సన్మానం. పెద్దమాస్టారు."

నేను మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేశాను.

పెద్దమాస్టారంటే ఎవరో దానికి తెలియదు. నేనే చెప్పలేదు. మా తమ్ముణ్ణి ఆరేళ్ళప్పుడు బళ్ళో చేర్చిన రోజున, ఈయన గుమ్మంలో నిలబడి మా పిల్లలందరినీ ఆపాడు. "ఈ గుడ్డలు ఇంట్లో వేసుకోండి. ఇక్కడికి మనుషుల్లా రండి," అన్నాడు. మేమంతా గప్‌చుప్‌గా కోట్లు విప్పేశాం. మా తమ్ముడు విప్పనన్నాడు. ఈయనే కూర్చుని, వాడి బొత్తాలు ఒక్కొక్కటీ విప్పి, కోటును బకెట్లో ముంచి, వాడి చేతికిచ్చి వరండా అంతా తుడిపించాడు. వరండా చాలా పొడుగు. వాడు తుడుస్తూ ఏడవలేదు, అది నాకు బాగా గుర్తు. ఆ రోజు నుంచి మా మాట మాట్లాడలేదు, ఇంట్లో అమ్మతో కూడా. పెద్దయ్యాక వేరే ఊరెళ్ళి ఇంటిపేరు మార్చుకున్నాడు. అమ్మ పోయినప్పుడు కొన్న సూటు వేసుకొచ్చి, అంతా అయ్యేదాకా దారి తప్పి వేరే ఇంటికొచ్చినవాడిలా గేటు దగ్గరే నిలబడి వెళ్ళిపోయాడు.

"ఏమంటావమ్మా?" అంది నా కూతురు.

దాని మొహంలో ఆశ చూశాను. "కుడతాలే," అన్నాను. నిజంగా దాని కోసమే ఒప్పుకున్నాను. అప్పటికి నా మనసులో ఇంకే ఉద్దేశమూ లేదు.

మర్నాడు గుడ్డకీ దారానికీ బొత్తాలక్క కొట్టుకెళ్ళాను. మా వీధి చివర నలభై ఏళ్ళుగా బొత్తాలు అమ్ముతోంది, అందుకే ఆ పేరు. మావాళ్ళలో ఎవరింట్లో ఎవరు తుమ్మినా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"ఆరు కోట్లా? ఈ ఎండల్లోనా? చెమటకి ఉడికిపోతారే చెల్లీ!"

"ఉడకనీ."

"మరి దారం తెంపేటప్పుడు అందర్నీ పిలుస్తావా? వాళ్ళ మణికట్టు నువ్వు కొరుకుతుంటే చూడాలని ఉందే," అని పడీపడీ నవ్వింది.

మా కోటుకి ఓ పద్ధతి ఉంది. కుట్టంతా అయిపోయాక ఎడమ చేతి అంచున దారాన్ని జానెడు వదిలేస్తాం. కోటు ఎవరిదో వాళ్ళ ఒంటికి తొడిగాక, కుట్టినవాళ్ళు వాళ్ళ మణికట్టు దగ్గరికి వంగి ఆ దారం పళ్ళతో తెంపాలి. కత్తెర పెట్టకూడదు, ఇంకొకళ్ళు తెంపకూడదు. తెంపితే ఆ కోటు బతికున్న మనిషిదయినట్టు. పోయినవాళ్ళకి వేసే కోటుకు మాత్రం దారం తెంపం. అలా వేలాడనిచ్చే పంపేస్తాం. బళ్ళో చేరిన రోజున మా తమ్ముడు కోటు విప్పనన్నది మొండితనంతో కాదు. ఆ పొద్దున్నే అమ్మ వాడి దారం తెంపింది. ఆ రోజంతా విప్పకూడదు.

పెద్దమాస్టారు కొలతలకి తనే వచ్చాడు. ఎనభై అయిదు దాటి ఉంటాయి. చేతిలో కర్ర, ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. నేను ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకుని తిట్టిన మనిషి ఇంకా పొడుగ్గా ఉంటాడనుకున్నాను. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను. పాపం పండు ముసలాడైపోయాడు, ఇక ఎందుకులే అని కూడా అనిపించింది. ఆయన నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"నువ్వు కూడా మన బళ్ళోనే చదివావా అమ్మా?"

"అయిదో తరగతి దాకా మాస్టారూ. చెయ్యి ఇలా చాపండి."

"మీ పిల్లల్ని దారిలో పెట్టడానికి ఎంత కష్టపడ్డానో! ఒక్కడున్నాడు, చిన్నవాడు, మహా మొండి. ఆ కోటుతోనే నేల తుడిపించాను." కొలత టేపు ఆయన మణికట్టు చుట్టూ ఉంది. నేను బిగించి పట్టుకున్నాను. ఆయన గమనించలేదు. "ఇప్పుడు వాడు ఎక్కడో పెద్ద ఇంజనీరట! చూశావా, ఆ రోజు నేను ఆ కోటు విప్పించకపోతే వాడు ఇక్కడే సూదీ దారం పట్టుకు కూర్చునేవాడు."

సూదీ దారం పట్టుకు కూర్చున్నదాని దుకాణంలో కూర్చుని అన్నాడా మాట.

"వాడు మా తమ్ముడే మాస్టారూ," అన్నాను.

"అలాగా! మంచిది, మంచిది. నన్ను తలుచుకుంటూ ఉంటాడా?"

"మర్చిపోలేదండీ," అన్నాను. సుద్దతో ఆయన కొలత గుడ్డ మీద వేశాను. నా గీత ఎప్పుడూ వంకర పోదు, ఆ రోజూ పోలేదు.

నెల రోజులు కుట్టాను. అంత శ్రద్ధగా నా పెళ్ళికోటు కూడా కుట్టుకోలేదు. అస్తరు పట్టుది వేశాను, కాజాలు చేత్తో తీశాను. అందరూ ఒక్కొక్కరే వచ్చి తొడుక్కుని చూసుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి మురిసిపోయారు. మా వీధి పేరు మార్చేసిన అధ్యక్షుడు వచ్చాడు. సరేనని చేతులెత్తిన సభ్యులిద్దరూ వచ్చారు. ఇప్పటికీ మా పిల్లలు మా మాటలో నవ్వినా బయట నిలబెట్టే హెడ్మాస్టరూ వచ్చాడు. ఒక్కరి దారమూ తెంపలేదు.

పెద్దమాస్టారు మణికట్టు ఎత్తి చూసుకున్నాడు. "ఇక్కడ దారం ఉండిపోయిందమ్మా."

"అది ఉండాలండీ. మీలాంటివాళ్ళకి అలాగే వదుల్తాం."

అధ్యక్షుడి భార్య మాత్రం రాలేదు. కొలతలు చీటీ మీద రాసి పంపింది. ఆవిడతో నాకేం పేచీ లేదు, ఆవిడకి తెంపేద్దామనే అనుకున్నాను. కానీ మనిషి ఒంటి మీద లేనిదే తెంపకూడదు కదా. ఆవిడ కోటు కూడా దారంతోనే మడత పెట్టి మిగతావాటితో పంపేశాను. ఎన్ని చొక్కాలు కుట్టినా చెయ్యని పొరపాటు అదొక్కటి చేశాను.

బొత్తాలక్కకి చెప్పినప్పుడు ఆవిడ మొహం పాలిపోయింది. "బతికున్నవాళ్ళకి చావుబట్ట తొడుగుతావా? తప్పే చెల్లీ."

"ఆయన ఆరేళ్ళవాడి ఒంటి మీది బతుకుబట్ట విప్పి నేల తుడిపిస్తే ఎవరైనా తప్పన్నారా?"

ఆవిడ బొత్తాల డబ్బా మూతలు ఒక్కొక్కటీ పెట్టింది. "సభ ఎన్ని గంటలకి?" అంది చివరికి.

"నాలుగింటికి."

"మనవాళ్ళందరికీ చెబుతాను."

సభ బడి హాల్లో జరిగింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. వెనక వరసలన్నీ మావాళ్ళతో నిండిపోయాయి. అంతమంది రావడం చూసి అధ్యక్షుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. నన్ను మూడో వరసలో కూర్చోబెట్టారు. ఐదుగురూ కోట్లతో వరసగా వచ్చి వేదిక మీద కూర్చున్నారు. ఐదు ఎడమ చేతులు, ఐదు దారాలు. వెనక గుసగుసలు ఒక్కసారి ఆగిపోయాయి. నా ఒళ్ళు ఆనందంతో జలదరించింది, దాచుకోవడం దేనికి.

ఆరో కుర్చీ ఖాళీగా ఉంది. అధ్యక్షుడి భార్య, ఈ ఎండలో ఆ కోటు నా వల్ల కాదు అందట. నాకా సంగతి అప్పటికి తెలియదు. అప్పుడు పక్క తలుపులోంచి నా కూతురు వచ్చింది.

ఆవిడ కోటు దాని ఒంటి మీద ఉంది. అతికినట్టు సరిపోయింది. జుట్టు కూడా మావాళ్ళలా వెనక్కి ముడేసుకుంది, ఎవర్ని చూసి నేర్చుకుందో. మైకు ముందు నిలబడి, "ఇది మా అమ్మ కుట్టిన కోటు. జీవితంలో మొదటిసారి వేసుకున్నాను. ఇన్నాళ్ళూ ఎందుకు వేసుకోలేదా అని ఇప్పుడు సిగ్గుగా ఉంది," అంది. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. వెనక ఒక్క చప్పుడు లేదు. బొత్తాలక్క తిరిగి నా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. నా కూతురు మైకు సరిచేసుకుంటోంది. దాని మణికట్టు దగ్గర దారం ఊగుతోంది.

ఇవన్నీ నమ్ముతావా అంటే, నాకు శకునాల పిచ్చి లేదు. కానీ నా బిడ్డ ముప్ఫై ఏళ్ళకి మా దగ్గరికి తిరిగొచ్చింది, వచ్చిన రోజునే నా చేత్తో కుట్టిన చావుబట్టలో వచ్చింది. దానికి తెలియకపోవడమే నన్ను ఎక్కువ కోసింది. మా పిల్లల్లో ఇంకెవరైనా అయితే అమ్మమ్మని అడిగి ఉండేవాళ్ళు. ఇది ఎవర్ని అడుగుతుంది?

లేచి నడిచాను. మెట్లెక్కాను. దాని చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, ఏం చేస్తున్నావ్? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. కదలకు."

వంగి, పళ్ళతో దారం తెంపాను. పట్టుదారం, ఓ పట్టాన తెగలేదు. తెగేసరికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఇదేదో ముచ్చటైన ఆచారం అనుకున్నారు. అధ్యక్షుడు నవ్వుతూ తన చెయ్యి చాపాడు. "మాకూ చెయ్యాలి మరి!" అని మైకులో అన్నాడు. ఆ వెంటనే సభ్యులిద్దరూ, హెడ్మాస్టరూ. టీకా కోసం నిలబడ్డ పిల్లల్లా నా ముందు వరసగా మణికట్లు.

"నా పళ్ళు ఊగుతున్నాయండీ," అన్నాను. అందరూ నవ్వారు, చేతులు వెనక్కి తీసుకున్నారు.

పెద్దమాస్టారు తియ్యలేదు. "నాది తెంపమ్మా. నీకు అక్షరాలు దిద్దించినవాణ్ణి," అన్నాడు. చాపిన ఆ చేతి వేళ్ళే మా తమ్ముడి బొత్తాలు విప్పినవి.

"మీది అలాగే ఉండాలి మాస్టారూ," అన్నాను, అందరికీ వినబడేలా.

అప్పుడు వెనక వరసలో బొత్తాలక్క లేచి నిలబడింది. ఆవిడ పక్కనున్న, మా వీధిలో కొలిమి నడిపే ముసలాయన లేచాడు. తర్వాత వరసకి వరస. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, మాట్లాడలేదు, చేతులు కట్టుకుని నిలబడ్డారంతే. మావాళ్ళు పోయినవాళ్ళ ముందు కూర్చోరు. అది చూసి ముందున్నవాళ్ళు కూడా గౌరవమనుకుని లేచి నిలబడ్డారు. పెద్దమాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, "నా జన్మ ధన్యమైంది," అన్నాడు.

ఇంటికొచ్చాక నా కూతురు కోటు విప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడింది. "మనవాళ్ళు ఎందుకు లేచారమ్మా? నువ్వు నా ఒక్కదాని దారమే ఎందుకు తెంపావు?"

చెప్పాను. వరండా దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. అది కోప్పడుతుందనుకున్నాను. ఉద్యోగం పోతుందని గొడవ చేస్తుందనుకున్నాను.

"మామయ్య సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"నీచేత కూడా నేల తుడిపిస్తారేమోనని. ఏమీ తెలియకపోతే హాయిగా వాళ్ళలో కలిసిపోతావని."

"మామయ్య ఒంటి మీది కోటు ఆయన విప్పించాడు," అంది. "నా ఒంటి మీదికి అసలు రానివ్వనిది నువ్వు."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే దించడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అది కోటు విప్పి, మడత పెట్టి, తన సంచిలో పెట్టుకుంటోంది.

తర్వాతి వారం నుంచి ఆఫీసు అవగానే దుకాణానికి రావడం మొదలుపెట్టింది. ఆ స్టూలు మీదే కూర్చునేది. ముందు టాకాలు వెయ్యడం నేర్చుకుంది, తర్వాత కాజాలు. దాని కుట్టు పిచ్చిగీతల్లా ఉండేది. వేళ్ళు పొడుచుకుని నన్నే తిట్టేది. కుడుతూ కుడుతూ, సూదిని మన మాటలో ఏమంటారు, వరండాని ఏమంటారు, తమ్ముణ్ణి ఏమంటారు అని అడిగేది. బయట కూర్చున్నవాళ్ళు వరస పెట్టి పిలిస్తే పలికేది. పాఠాలు చెప్పే ఓపిక నాకు లేదనుకునేదాన్ని. ఎక్కడినుంచో వచ్చింది.

ఎండాకాలం అయిపోయి మబ్బులు కమ్ముతున్న ఓ సాయంత్రం పెద్దమాస్టారు మళ్ళీ వచ్చాడు. కోటు తొడుక్కునే వచ్చాడు. మనిషి సగమైపోయాడు. నా కూతురు లేచి కుర్చీ వెయ్యబోయింది. నేను కళ్ళతోనే వద్దన్నాను.

"మా ఇంట్లో బట్టలుతికే అమ్మాయి మీ మనిషే," అన్నాడు. "ఈ దారమేమిటో చెప్పింది."

నేను మిషను తొక్కడం ఆపలేదు.

"నేను చదువుకున్నవాణ్ణి. ఇలాంటివి నమ్మను. కానీ సరిగ్గా అన్నం తినలేకపోతున్నాను. ఇంట్లో నడుస్తుంటే ఆ పిల్ల గోడకి జరిగి నిలబడుతోంది. మీవాళ్ళు రోడ్డు మీద నన్ను చూస్తే లేచి నిలబడుతున్నారు." మణికట్టు నా ముందుకు చాపాడు. "తెంపెయ్యమ్మా."

"కత్తెర ఇమ్మంటారా?"

"కత్తెర పనికిరాదటగా. కుట్టినవాళ్ళే తెంపాలటగా."

"మా పద్ధతులు మీకు బాగానే తెలిశాయే మాస్టారూ."

ఆయన పెదాలు కదిలాయి. "ఆ రోజు ఆ పిల్లవాడి విషయంలో... వాడి మంచికే అనుకున్నాను. తప్పయితే తప్పే అనుకో."

అనుకో అన్నాడు. అప్పుడు మిషను ఆపాను. జాలి వెయ్యలేదని అబద్ధం చెప్పను. ఎముకల గూడు లాంటి ఆ చెయ్యి నా మొహానికి జానెడు దూరంలో ఉంది. వంగితే చాలు. ఒక్క క్షణం పని.

"అవన్నీ మాకు ఎప్పుడో పోయాయి మాస్టారూ," అన్నాను. "మీరే పోగొట్టారు. ఇప్పుడు మేమూ మీలాగే కత్తెరతో కత్తిరించేసుకుంటున్నాం."

ఆయన చెయ్యి అలాగే చాపి కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత కర్ర తీసుకుని మెట్టు దిగాడు. బయట కబుర్లాడుకుంటున్న మావాళ్ళు ముగ్గురూ మాటలాపి లేచి నిలబడ్డారు. దారం ఊగుతుండగా వీధి మలుపు దాకా వెళ్ళాడు. నేను చూస్తూనే ఉన్నాను. నా గుండెల్లో ఎన్నో ఏళ్ళుగా కూర్చున్న బండ దిగినట్టు హాయిగా ఉంది. ఆ హాయికి నేను సిగ్గుపడలేదు.

వెనక నుంచి నా కూతురు, "బాగా చేశావు," అంది.

మా మాటలో అంది. ఎవరూ అందించకుండా తనంతట తను అన్న మొదటి మాట. మా మాట దాని నోట వినాలని, అది పుట్టినప్పటి నుంచి నేను లోలోపల ఎంత తపించానో దానికి తెలియదు. ఊయల ఊపుతూ ఎన్నోసార్లు పెదాల దాకా తెచ్చుకుని మింగేశాను. ఆ మొదటి మాట ఇదవుతుందనుకోలేదు. అన్నది బాగానే అంది, గొంతు కూడా అచ్చం మా అమ్మ గొంతులా ఉంది.

నేను దాని వైపు తిరగలేదు. "ఏదీ, ఆ కాజా చూపించు," అన్నాను.